టిన్నులో బీరు, టిన్ను మీద రాజ్యాంగం

ఢిల్లీలో పార్లమెంటు వార్తలు రాసే మాబోటి విలేఖరులకు ఒక దుర్గుణం ఉన్నది. తాము అభిప్రాయం ప్రకటించకూడని విషయమంటూ లోకంలో లేదని గట్టిగా నమ్ముతారు. సభలు వాయిదా పడిన సాయంత్రాలలో నలుగురం ఒక బల్ల చుట్టూ చేరామంటే, అవిశ్వాస తీర్మానం మొదలు అణు ఒప్పందం వరకు దేనిమీదనైనా అయిదు అభిప్రాయాలు పుడతాయి. కాని ఒక్క విషయంలో మాత్రం మా అందరిదీ ఏకాభిప్రాయం. బీరు అంటే సీసాలోనిదే. టిన్నులో వచ్చేది రేకు వాసన కొట్టే చవకబారు సరుకు; తొందరపాటు కుర్రకారుకు తప్ప పెద్దమనుషులకు తగదు. పాతికేళ్లుగా ఈ తీర్మానానికి నేనూ చేయెత్తుతూనే వచ్చాను. గత నెల గోవాలో నా ఓటు మార్చుకోవలసి వచ్చింది. ఎందుకు మార్చుకున్నానో, ఆ మార్పు నన్ను ఒక రేకుల షెడ్డు నుంచి రాజ్యాంగం ఏడవ షెడ్యూలు దాకా ఎలా నడిపించిందో చెప్పడమే ఈ వారం లేఖ ఉద్దేశం.

ముందుగా ఒక మనవి. ఇది మద్యపానానికి ప్రచారం కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారా దుకాణం మూయించిన నాటి నుంచి 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చేదాకా, ఆపై 1997లో అది సడలిపోయేదాకా మన రాష్ట్రంలో జరిగిన చరిత్ర తెలిసినవాడెవడూ మద్యం గురించి తేలికగా రాయలేడు. అయితే తాగవద్దని చెప్పడం వేరు; ప్రభుత్వమే దగ్గరుండి అమ్మించి పన్ను వసూలు చేసుకొనే సరుకులో మంచిచెడ్డలు చూడవద్దనడం వేరు. నేను మాట్లాడేది ఆ రెండవదాని గురించి.

గోవాకు నేను వెళ్లింది విహారానికి కాదు, మందలింపుకు. తెనాలి దగ్గర ఉండే మా అక్కయ్య రెండవ కొడుకు కెమికల్ ఇంజనీరింగు చదివి, హైదరాబాదులో కంప్యూటరు ఉద్యోగం చేస్తూ చేస్తూ, రెండేళ్ల క్రితం దానికి స్వస్తి చెప్పి గోవాలో ఒక చిన్న బ్రూవరీలో చేరాడు. జీతంతోపాటు తాను దాచుకున్న నాలుగు రాళ్లూ అందులోనే పెట్టాడట. "నా మాట వినడు. నువ్వయినా వెళ్లి నాలుగు మాటలు చెప్పిరా తమ్ముడూ" అని అక్కయ్య కన్నీళ్లతో ఫోను చేసింది. మేనమామ హోదాలో, చెప్పవలసిన మాటలు దారిపొడవునా కూర్చుకుంటూ బయలుదేరాను.

కొబ్బరిచెట్ల వెనుక ఒక రేకుల షెడ్డు, లోపల మనిషిని మించి ఎత్తున్న అయిదారు ఉక్కు తొట్లు, పక్కన టిన్నులు నింపే చిన్న యంత్రం. ఇంతే బ్రూవరీ. క్రాఫ్ట్ బీరు అనేది మిల్లు గుడ్డ పక్కన చేనేత వంటిది. పెద్ద కంపెనీలు ఏడాది పొడవునా, దేశమంతటా ఒకే రుచి రావాలని చూస్తాయి. ఖర్చు తగ్గడానికి, బీరు పలచబడటానికి బార్లీతోపాటు బియ్యమో మొక్కజొన్నో కలుపుతాయి. చిన్నవాడు మొలకగట్టి ఎండబెట్టిన బార్లీని, హాప్స్ పువ్వులను ధారాళంగా వాడి, ఒక్కొక్క తొట్టిలో ఒక్కొక్క రుచిని పట్టుకోవాలని ప్రయత్నిస్తాడు. మన దేశంలో ఈ ధోరణి మొదలై రెండు దశాబ్దాలు కూడా కాలేదు. 2009లో పుణెలో డూలాలీ, ఆ తరువాత బెంగుళూరులో పలు సంస్థలు అక్కడికక్కడే కాచి అక్కడికక్కడే పోసే పద్ధతిలో వెలిశాయి. తెలంగాణలో 2015లో నిబంధనలు వచ్చాయి. చాలా రాష్ట్రాలలో ఇటువంటి వారికి తమ గడప దాటి బీరు అమ్ముకొనే అనుమతి లేదు. గోవా వంటి కొద్దిచోట్ల మాత్రమే చిన్నవారు కూడా టిన్నులలోనో సీసాలలోనో నింపి బయటికి పంపగలుగుతున్నారు.

మావాడు నా ముఖం చూసి సంగతి గ్రహించాడు కాబోలు, కుశల ప్రశ్నలు కాగానే నన్ను పెరట్లోకి తీసుకువెళ్లాడు. ఒకే తొట్టిలోని బీరును రెండు పాత్రలలో పట్టాడు. ఒకటి తెల్లని గాజుసీసా, రెండవది టిన్ను. రెంటినీ మంచునీళ్ల బక్కెట్లో మెడదాకా ముంచి, బక్కెట్టును మిట్టమధ్యాహ్నపు ఎండలో పెట్టాడు. పావుగంట ఆగి రెండు గ్లాసులలో పోసి, "వాసన చూడండి మావయ్యా" అన్నాడు. టిన్నులోని బీరు నారింజ తొక్క, పచ్చిమామిడి కలగలిసిన పరిమళంతో ఘుమఘుమలాడుతున్నది. సీసాలోనిది ముక్కు దగ్గరకు తేగానే తల వెనక్కి తీసుకున్నాను. కాలుతున్న రబ్బరు, మురిగిన ఉల్లి కలిసిన కంపు. పావుగంట క్రితం ఆ రెండూ ఒకే తల్లి బిడ్డలు! నేను కూర్చుకున్న నాలుగు మాటలలో రెండు అక్కడే పోయాయి.

దీని వెనుక మంత్రమేమీ లేదు. బీరుకు చేదునిచ్చేది హాప్స్ పువ్వులలోని ఆమ్లాలు. వెలుతురు సోకినప్పుడు, బీరులో సహజంగా ఉండే రైబోఫ్లేవిన్ అనే విటమిను ఆ వెలుతురును పట్టుకొని ఈ చేదు పదార్థాన్ని విరగ్గొడుతుంది. అలా విరిగిన ముక్క గంధకంతో కలిసి ఒక దుర్గంధ ద్రవ్యం తయారవుతుంది. శత్రువు మీద కంపు చిమ్మి పారిపోయే స్కంక్ అనే జంతువు అమెరికా అడవులలో ఉన్నది; ఆ జంతువు చిమ్మే ద్రవానికి ఇది దగ్గరి బంధువు. అందుకే వెలుతురు తగిలి చెడిన బీరును ఆ జంతువు పేరుతోనే పిలుస్తారు. గోధుమరంగు సీసా ఈ ప్రమాదాన్ని చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చ సీసా కొంతే ఆపుతుంది, తెల్లసీసా బొత్తిగా ఆపదు. టిన్ను మాత్రం కటిక చీకటి. దానిలోకి సూర్యభగవానుడు కూడా తొంగిచూడలేడు.

బీరుకు రెండవ శత్రువు గాలి. ప్రాణవాయువు సోకితే హాప్స్ పరిమళం మాయమై, తడిసిన అట్టముక్క రుచి వస్తుంది. సీసా మూత లోపలి పొర గుండా నెలల తరబడి కొద్దికొద్దిగానైనా గాలి చొరబడుతుంది. టిన్ను అంచునూ మూత అంచునూ కలిపి రెండు మడతలుగా నొక్కివేసిన కుట్టులో గాలికి దారి లేదు. అయితే నింపేటప్పుడే లోపల గాలి మిగిలిపోతే ఆ కుట్టు ఎంత గట్టిదైనా ప్రయోజనం లేదు. అందుకే మావాడి షెడ్డులో అందరికన్నా ఎక్కువ మర్యాద జరిగేది, టిన్నులో మిగిలిన ప్రాణవాయువును కొలిచే ఒక చిన్న పరికరానికి. పెద్ద కంపెనీ ఒక తొట్టి చెడితే పారబోసి మరచిపోతుంది. చిన్నవాడికి ఒక తొట్టి చెడటమంటే ఒక నెల జీతాలు. హాప్స్ ఎంత ఎక్కువ వాడితే గాలివల్ల, వెలుతురువల్ల నష్టం అంత ఎక్కువ. కనుక మంచి బీరు చేయదలచిన చిన్నవాడికే టిన్ను అవసరం ఎక్కువ అన్నది ఇక్కడి విశేషం.

మరి రేకు వాసన మాటేమిటి? నేనూ అదే అడిగాను. మనం టిన్ను అంటున్నా ఇందులో తగరం లేదు, ఉన్నది అల్యూమినియం. లోపలివైపు సన్నని పాలిమర్ పూత ఉంటుంది. బీరు లోహాన్ని తాకనే తాకదు. టిన్నును నోటికి ఎత్తుకొని తాగేటప్పుడు పెదవికీ ముక్కుకూ తగిలే లోహపు వాసననే మనం బీరు రుచిగా భ్రమిస్తాము. గ్లాసులో పోసుకుంటే ఆ భ్రమ తొలగుతుంది. పూత విషయంలో ఒక న్యాయమైన శంక ఉన్నది. ఈ పూతలలో వాడుతూ వచ్చిన బిస్ఫెనాల్-ఏ అనే రసాయనం ఆరోగ్యానికి మంచిది కాదని తేల్చి, ఆహార పాత్రలలో దానిని నిషేధిస్తూ యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబరులో నిబంధన చేసింది. ఆ రసాయనం లేని పూతలు వాడుకలోకి వస్తున్నాయి. మన దేశంలో కొనేవాడు కూడా ఈ ప్రశ్న అడగడం తప్పు కాదు.

ఇన్ని సుగుణాలున్న టిన్నుకు చెడ్డపేరు ఎలా వచ్చింది? అమెరికాలో మద్యనిషేధం 1933లో తొలగిపోయింది. 1935 జనవరి 24న న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూఆర్క్‌కు చెందిన క్రూగర్ బ్రూవరీ ప్రపంచంలో మొదటిసారిగా టిన్ను బీరును అమ్మకానికి పెట్టింది. సొంతవూళ్లో నవ్వులపాలు కావడం ఇష్టంలేక, దూరాన వర్జీనియాలోని రిచ్‌మండ్ నగరంలో ఈ ప్రయోగం చేశారు. జనం ఎగబడ్డారు. 1959లో కూర్స్ సంస్థ ఉక్కుకు బదులు అల్యూమినియం తెచ్చింది. కాని టిన్నులు నింపే యంత్రాలు పెద్దవాళ్లే కొనగలిగినవి. పెద్దవాళ్ల బీరు నానాటికీ పలచబడుతూ వచ్చింది. అలా టిన్ను అంటే పలచని బీరు అన్న ముద్ర పడింది. నేరం బీరుది, శిక్ష పాత్రది.

ఆ శిక్షను రద్దుచేసినవాళ్లు చిన్నవాళ్లే. 2002లో కొలరాడో రాష్ట్రం లయన్స్ అనే చిన్న ఊళ్లో ఆస్కార్ బ్లూస్ అనే బ్రూవరీ, కెనడా నుంచి బల్లమీద పట్టే ఒక చేతియంత్రాన్ని తెప్పించి, హాప్స్ దట్టించిన డేల్స్ పేల్ ఏల్ అనే బీరును టిన్నులలో నింపసాగింది. మొదట నవ్వినవాళ్లు తరువాత రుచిచూశారు. శామ్యూల్ ఆడమ్స్ బీరు అధిపతి జిమ్ కోక్ 2005లో బీరు తాగేవారి హక్కుల పత్రమొకటి ప్రకటించి, మంచి బీరు సీసాలోనే రావాలని అందులో రాశాడు. 2013లో ఆయనే తన బీరును టిన్నులలో పెట్టాడు. రాజకీయ నాయకులు మాట మార్చడం చూసి చూసి అలసిన నాకు, నిజం తెలుసుకొని మాట మార్చిన మనిషి కనిపించడం కొంత ఊరట. వెర్మాంట్ రాష్ట్రంలో ఆల్కెమిస్ట్ అనే చిన్న బ్రూవరీ కథ మరీ చెప్పుకోదగినది. 2011 ఆగస్టు 28న ఐరీన్ తుపాను వరదలో వారి పబ్ మునిగిపోయింది. రెండు రోజులకే, అంతకుముందు వేరేచోట సిద్ధం చేసుకున్న యంత్రం మీద వారి హెడీ టాపర్ బీరు తొలి టిన్నులు బయటికి వచ్చాయి. ఉన్న ఇల్లు పోయిన సంస్థను టిన్ను బతికించింది. దాని కోసం దూరప్రాంతాల నుంచి జనం వచ్చి బారులు తీరేవారు.

టిన్ను ఆకర్షణలో రుచి ఒక్కటే లేదు. మన 650 మిల్లీలీటర్ల సీసా ఒంటరి మనిషికి ఎక్కువ. 330 మిల్లీలీటర్ల టిన్ను మితంగా తాగేవానికి సరిపోతుంది. త్వరగా చల్లబడుతుంది, పగలదు, మోతకు తేలిక. ఖాళీ టిన్ను ఇరవై గ్రాములు తూగదు. పగిలిన గాజు చెత్త భరించలేక ఎవరెస్టు కింది ఖుంబూ ప్రాంతంలో 1998లో గాజుసీసాల బీరునే నిషేధించారు. అన్నిటికీ మించి టిన్ను చుట్టూరా బొమ్మ. ప్రకటనలకు డబ్బులేని చిన్నవానికి ఆ బొమ్మే ప్రకటన. మావాడి టిన్ను మీద ఒక పల్లెకారు పడవ, సాయంకాలపు సముద్రం ఉన్నాయి. అక్కయ్య చూస్తే కొబ్బరినూనె డబ్బా అనుకొని దేవుడి దగ్గర పెట్టుకుంటుందేమోనన్నంత అందంగా ఉన్నది.

పక్షపాతం లేకుండా రెండవ వైపు కూడా చెప్పాలి. టిన్ను వెలుతురును ఆపుతుందిగాని వేడిని ఆపలేదు. మన మద్యం డిపోల ముందు ఏప్రిల్, మే నెలల ఎండలో లారీలలో నిలిచిపోయిన బీరు, టిన్నులో ఉన్నా సీసాలో ఉన్నా కమిలిపోవలసిందే. హాప్స్ పరిమళమున్న బీరును తయారైన మూడు నెలలలోగా తాగాలి; కనుక టిన్ను అడుగున తేదీ చూడకుండా కొనేవాడు పంచాంగం చూడకుండా ముహూర్తం పెట్టినవాడితో సమానం. ఇక లోహం సంగతి. టన్ను అల్యూమినియం కావాలంటే సుమారు నాలుగు టన్నుల బాక్సైట్, 14,000 యూనిట్ల దరిదాపు విద్యుత్తు కావాలి. బాక్సైట్ అనగానే తెలుగువారికి విశాఖ మన్యం గుర్తుకు రావాలి. షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులకు గనుల లీజులు చెల్లవని 1997లో సమతా కేసులో సుప్రీంకోర్టు చెప్పిన తీర్పు, 2015లో ఇచ్చిన తవ్వకాల ఉత్తర్వును గిరిజనులు ఎదిరించి నిలిపివేయించిన ఘట్టం మరువరానివి. వాడిన టిన్నును కరిగించి మళ్లీ చేస్తే కొత్త లోహానికయ్యే శక్తిలో ఇరవయ్యోవంతు చాలు. మన పాతసామాన్లవాళ్ల పుణ్యమా అని మన దేశంలో ఖాళీ టిన్ను మట్టిలో కలవడం అరుదు. అయితే కడిగి మళ్లీ మళ్లీ నింపే మన సీసా కూడా ఈ లెక్కలో తక్కువ తినలేదు.

ఇంతవరకు వచ్చాక, నేను సగం ఒప్పుకున్నానని గ్రహించి మావాడు నన్ను వెనుకగదిలోకి తీసుకువెళ్లాడు. నేలనుంచి కప్పుదాకా ఖాళీ టిన్నుల పేర్పులు. కొత్తవి, బీరు ఎరుగనివి. "ఇవి నలభైవేలు. పనికిరావు మావయ్యా" అన్నాడు. పొరుగున ఒక రాష్ట్రంలో అమ్ముకోవడానికి అచ్చువేయించినవట. ఆరోగ్య హెచ్చరికను ఇకమీదట తమ భాషలో కూడా ముద్రించాలని ఆ రాష్ట్రం కొత్త నియమం పెట్టింది. నియమం న్యాయమైనదే. కాని అప్పటికే అచ్చయిన టిన్నుల మీద చీటీ అంటించుకుంటామంటే, ఊడిపోతుంది గనుక కుదరదన్నారు. వేరే రాష్ట్రంలో వాడుకుందామంటే, వాటిమీద 'ఈ రాష్ట్రంలో అమ్మకానికి మాత్రమే' అని ఉన్నది!

"సీసా అయితే కాగితం చించి ఇంకో కాగితం అంటించుకుంటాం. టిన్ను మీద అక్షరం కర్మాగారంలోనే పడిపోతుంది. మాకు టిన్నులు చేసిపెట్టేవాళ్లు లక్షకు తక్కువైతే అచ్చువేయరు. పెద్ద కంపెనీకి లక్ష టిన్నులు ఒక పూట పని. మాకు ఒక ఏడాది. ఆ ఏడాదిలో ఎక్కడో ఒక అక్షరం మారుతుంది" అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు, అలసట ఉన్నది. బీరును కాపాడే పాత్రే దానిని చేసినవాడి మెడకు బండ అవుతున్నదని నాకు అప్పుడు అర్థమైంది. మిగిలిన రెండు మాటలు కూడా అక్కడే వదిలేశాను.

ఢిల్లీ తిరిగి వచ్చాక పాత అలవాటు కొద్దీ రాజ్యాంగం తీశాను. ఏడవ షెడ్యూలులోని రాష్ట్రాల జాబితాలో 8వ పద్దు మత్తుపానీయాల ఉత్పత్తి, స్వాధీనం, రవాణా, క్రయవిక్రయాలను రాష్ట్రాలకు అప్పగించింది. 51వ పద్దు వాటిపై ఎక్సైజు సుంకాన్ని ఇచ్చింది. 2016 నాటి 101వ రాజ్యాంగ సవరణ తాగే మద్యాన్ని జి.ఎస్.టి. వెలుపల ఉంచింది, కనుక బ్రూవరీవాడు టిన్నుల మీద కట్టిన జి.ఎస్.టి.ని బీరు మీది సుంకంలో తగ్గించుకోలేడు. 2024 అక్టోబరు 23న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం 8-1 ఆధిక్యంతో పారిశ్రామిక ఆల్కహాలు కూడా రాష్ట్రాల పరిధిలోనిదేనని తీర్పు చెప్పి ఈ అధికారాన్ని మరింత విస్తరింపజేసింది. రాష్ట్రాల హక్కుల పక్షం వహించే నాబోటివాడు దీనికి సంతోషించవలసిందే. కాని అదే 51వ పద్దులో మనం మరచిపోయిన ఒక మాట ఉన్నది. ఇతర రాష్ట్రాలలో తయారైన సరుకుపై వేసే సమతుల్య సుంకం స్థానిక సరుకుపై సుంకానికి సమానంగానో తక్కువగానో ఉండాలి. రాజ్యాంగ నిర్మాతలు పొరుగువాని సరుకును పరాయిసరుకుగా చూడవద్దన్నారు. ఇప్పుడు సుంకం పేరుతో కాక దిగుమతి రుసుము, ఎగుమతి రుసుము, ఏటేటా లేబులు నమోదు రుసుము అనే పేర్లతో ఆ పని జరుగుతున్నది. ఒకే దేశంలో ఒక రాష్ట్రం నుంచి మరొక రాష్ట్రానికి వెళ్లడాన్ని ఎగుమతి అని పిలిచే సరుకు ఇదొక్కటేనేమో!

ఇది మా మేనల్లుడి ఇంటిగోల మాత్రమే కాదు. 2015లో ఢిల్లీ కేంద్రంగా బయలుదేరి, గోధుమ బీరు రుచిని పట్టణ యువతకు పరిచయం చేసిన బిరా 91 ఉదంతం జగమెరిగినదే. వాటాలు ప్రజలకు అమ్మే సన్నాహంలో ఆ సంస్థ తన పేరులోని 'ప్రైవేట్' అన్న ఒక్క మాట తొలగించుకున్నది. కంపెనీ చట్టం దృష్టిలో అది మామూలు లాంఛనం. కాని ఎక్సైజు శాఖల దృష్టిలో అది కొత్త కంపెనీ, కొత్త లేబులు. రాష్ట్రం రాష్ట్రానా మళ్లీ నమోదు కావలసి వచ్చి అమ్మకాలు నెలల తరబడి స్తంభించాయి. సుమారు 80 కోట్ల రూపాయల సరుకు లెక్కలలోంచి కొట్టివేయవలసి వచ్చింది. 2023-24లో ఆ సంస్థ నష్టం 748 కోట్లు. ఆ నష్టానికంతటికీ ఆ ఒక్క మాటే కారణమనలేము. కాని ఇంత పెద్ద సంస్థకే ఒక మాట అంత భారమైతే, నాలుగు తొట్లవాడి గతి ఊహించుకోవచ్చు.

దీనికి కేంద్రం తన వంతు చిక్కు జోడించింది. 2025 ఏప్రిల్ 1 నుంచి అల్యూమినియం టిన్నులకు భారత ప్రమాణాల సంస్థ ముద్రను తప్పనిసరి చేయడంతో విదేశీ టిన్నుల రాక కష్టమైంది. ఏటా 12-13 కోట్ల అరలీటరు టిన్నుల కొరత ఏర్పడుతున్నదని బ్రూవర్స్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా ప్రభుత్వానికి మొరపెట్టుకున్నది. ప్రమాణాలు ఉండవలసినవే. కాని కొరత వచ్చినప్పుడు వరుసలో ముందు నిలిచేది కోట్ల టిన్నులు కొనేవాడు. చివర నిలిచేది లక్ష కొనేవాడు. మన తిరుపతి జిల్లా శ్రీసిటీలో బాల్ సంస్థవారి టిన్నుల కర్మాగారం ఉన్నది. అక్కడ తయారైన టిన్ను రాష్ట్రాల సరిహద్దులు నిరాటంకంగా దాటుతుంది. అందులో బీరు నింపిన మరుక్షణం నుంచి దానికి ప్రతి సరిహద్దులోనూ ఒక పాసుపోర్టు కావాలి.

రాష్ట్రాల వాదనను తోసివేయడం నా ఉద్దేశం కాదు. జి.ఎస్.టి. తరువాత రాష్ట్రాల చేతిలో మిగిలిన సొంత ఆదాయ మార్గాలు వేళ్లమీద లెక్కపెట్టవచ్చు. వాటిలో మద్యం ఒకటి. మద్యనిషేధం వైపు సాగాలని 47వ అధికరణం ఆదేశిస్తున్నది. గుజరాత్, బీహార్ ఆ దారిన నడిచాయి. కాని తక్కిన రాష్ట్రాల నడక ఏ దారిది? ఆంధ్రప్రదేశ్‌లో 2019 తరువాత ప్రభుత్వమే దుకాణాలు పెట్టి, జనం ఎన్నడూ వినని పేర్లు అమ్మింది. 2024 అక్టోబరులో లాటరీ ద్వారా 3,396 దుకాణాలు తిరిగి ప్రైవేటువారికి వెళ్లాయి. తెలంగాణలో ధర పెంచలేదని, బకాయిలు తీర్చలేదని 2025 జనవరిలో యునైటెడ్ బ్రూవరీస్ సరఫరా ఆపింది; మరుసటి నెల ధర 15 శాతం పెరిగింది. ఢిల్లీలో 2021 నవంబరులో వచ్చిన విధానం ఏడాది తిరగకుండానే రద్దయి, మంత్రుల అరెస్టులకు దారితీసింది. ఈ మూడు కథలలోనూ దుకాణమెవరిది, వాటా ఎంత అన్న ప్రశ్నలే వినిపించాయి. తాగేవాడి గొంతులో పడుతున్నదేమిటి, ఎప్పుడు తయారైంది, ఎంత ఎండలో నిలిచింది అన్న ప్రశ్న శాసనసభలలో గాని పార్లమెంటులో గాని నా చెవిన పడలేదు.

పరిష్కారం అసాధ్యమేమీ కాదు. సుంకం ఎంత వేయాలో, దుకాణాలు ఎన్ని ఉండాలో, అసలు ఉండాలో వద్దో రాష్ట్రాలే నిర్ణయించుకోనివ్వండి. లేబులు మాత్రం దేశానికంతటికీ ఒకటి కావాలి. 2019 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న ఆహార భద్రత సంస్థ మద్య ప్రమాణాలలో హెచ్చరికతో సహా లేబులు నియమాలు ఇప్పటికే ఉన్నాయి. రాష్ట్రానికి ప్రత్యేకమైన వివరాలు, ధర, పన్ను ముద్ర టిన్ను మూతమీద అంటించే చీటీలో ఇమడవచ్చు. కేంద్రం బలవంతం చేయనక్కరలేదు. రెండు మూడు రాష్ట్రాలు తీర్మానం చేసి కోరితే 252వ అధికరణం కింద పార్లమెంటు ఈ ఒక్క అంశం మీద చట్టం చేయవచ్చు. 263వ అధికరణం కింద ఏర్పడిన అంతర్రాష్ట్ర మండలి ఇటువంటి పనికే ఉన్నది. దాని పదకొండవ సమావేశం 2016 జూలైలో జరిగింది. ఇంతకన్నా పెద్ద సమస్యలు దాని ముందు ఉన్నాయనడం నిజమే. కాని ఒక లేబులు మీద ఏకాభిప్రాయానికి రాలేని రాష్ట్రాలు నదీజలాల మీద ఎలా వస్తాయి?

తిరిగివచ్చిన రోజు రాత్రే అక్కయ్య ఫోను చేసింది. "వాణ్ణి మందలించావా?" అన్నది. "మందలించవలసినవాళ్లు చాలామంది ఉన్నారు అక్కయ్యా. ఆ జాబితాలో మనవాడి పేరు చివరన ఉన్నది" అన్నాను. ఆవిడకు నా జవాబు నచ్చలేదు. మంచి సరుకు చేస్తున్నాడని, చేతనైనంతకాలం చేయనిమ్మని, ఆ తరువాత సంగతి ఆ తరువాత చూద్దామని నచ్చజెప్పాను. "సరుకు మంచిదైతే అమ్ముడు పోకపోవడమేమిటిరా?" అని ఆవిడ అడిగిన ప్రశ్నకు మాత్రం రెండు పద్దులు, మూడు అధికరణాలు చదివిన నా దగ్గర ఒక్క వాక్యంలో చెప్పగలిగే సమాధానం లేదు.

ఆ నలభైవేలలో ఒక టిన్నును మావాడు మూత బిగించకుండా నాకిచ్చాడు. ఇది రాస్తున్న బల్లమీద పెన్సిళ్లు, కలాలు వేసుకోవడానికి అది పనికివచ్చింది. చుట్టూ పల్లెకారు పడవ, సాయంకాలపు సముద్రం. కింద చిన్న అక్షరాలలో 'ఈ రాష్ట్రంలో అమ్మకానికి మాత్రమే'. ఆ రాష్ట్రం ఢిల్లీ కాదు. ఖాళీది గనుక ఇంకా ఎవరూ అభ్యంతరం చెప్పలేదు.